పొమ్మనేదాకా లేవని డాక్టరు

కాదు, ఆయన శాంతమూర్తి కాదు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను.

నంద్యాల బస్సు ఆళ్లగడ్డ బస్టాండులో ఆగగానే కండక్టరు దిగి, రోడ్డు దాటి, మా పరుపుల అంగడి ముందుకొచ్చి నిలబడ్డాడు. "మీ పెద్ద డాక్టరు పోయినాడంట రా" అన్నాడు. పక్కన టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టారు. ఎంత శాంతమైన మనిషి, జన్మలో ఒకరి మీద గొంతు పెంచి ఎరగడు అని ఒకరి తర్వాత ఒకరు అనుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను సూదిలో దారం ఎక్కిస్తూ తల వంచుకునే ఉన్నాను. లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. కాదు. ఆయనకు వచ్చినంత కోపం ఆ నంద్యాల ఆసుపత్రిలో ఇంకెవరికీ రాలేదు. వచ్చిన కోపాన్ని ఆయన ఏం చేసేవాడో వీళ్లు చూడలేదు. నేను చూశాను, మంచం మీద పడుకొని.

ఆయన జ్ఞాపకంగా ఆసుపత్రివాళ్లు చిన్న పుస్తకం వేస్తున్నారు. రోగుల తరఫున నువ్వు రాయి అని వార్డు సిస్టరమ్మ కబురు పెట్టింది. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగమే. మనుషుల ముందు నాకు నోరు పెగలదు, కాగితం ముందు కొంచెం నయం. తప్పులుంటే తానే దిద్దుతానంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఎండాకాలం అది. నాకు పదేళ్లు. తుంటి ఎముకకు క్షయ పట్టిందన్నారు. నాయన బస్సులో వెనక సీటు మీద తను కుట్టిన పరుపే పరిచి, దాని మీద నన్ను పడుకోబెట్టి నంద్యాల తీసుకుపోయాడు. అక్కడ రొమ్ము కింది నుంచి కుడికాలి వేళ్ల దాకా సిమెంటు కట్టు వేశారు. ఎముక మానేదాకా అట్లాగే ఉండాలన్నారు. ఎన్నాళ్లో నాకు చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదనుకుంటా. నేను అడిగినప్పుడల్లా ఆమె చెంగుతో ఈగలు తోలేది.

ఆ కట్టులో చెమట లోపలే కారి లోపలే ఎండేది. దురద పుడితే గోక్కోవడానికి లేదు. పక్కకు తిప్పాలంటే ఇద్దరు రావాలి, ఒకరు భుజాలు పట్టుకోవాలి, ఒకరు కాళ్లు. కిటికీ నా తల వెనక ఉండేది. వీధిలో బండ్ల చప్పుడు, సోడాలమ్మేవాడి కేక వినపడేవి, ఏదీ కనపడేది కాదు. నాకున్నదల్లా పైకప్పు, ఫ్యాను. మంచం దగ్గరికి ఎవరొచ్చినా ముందు వాళ్ల గడ్డం కనపడేది, ఆ పైన ముక్కు రంధ్రాలు. అందుకే డాక్టర్లందరూ నాకు గడ్డాలే. ఒక గడ్డం వచ్చేది, కదిలేది, నాకు అర్థం కాని మాటలేవో ఇంకో గడ్డంతో చెప్పేది, వెళ్లిపోయేది.

పెద్ద డాక్టరు ఒక్కడే నాకు ముఖం. ఆయన నిలబడి మాట్లాడేవాడు కాదు. వార్డులో గోడవారగా ఒక ముక్కాలి పీట ఉండేది. ఏ మంచం దగ్గరికి పోతే ఆ మంచం దగ్గరికి దాన్ని తనే లాక్కునేవాడు. కూర్చునే ముందు చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవాడు. ఆయన పెద్ద ఒళ్లు ఆ చిన్న పీట మీద దిగితే అది కిర్రుమనేది. ఆ కిర్రు వినపడగానే నాకు తెలిసేది, ఇప్పుడొక ముఖం నా ముఖం పక్కకు వస్తుందని. గుబురు కనుబొమలు, పొడుం వాసన, రెండు చెవుల్లోంచి వెంట్రుకలు. మిడుతూరు దిక్కు పల్లెలో కూలి పని చేసుకునే క్రైస్తవుల ఇంట్లో పుట్టాడంట. ఎంత పెద్ద చదువు చదివినా ఆయన మాట మా మాటే.

ఏటా కొత్తగా కాలేజీ నుంచి వచ్చిన డాక్టర్లు ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్లు. శనివారం మధ్యాహ్నం వార్డులోనే, మా అందరి ముందర, వాళ్లకు ఒక పాఠం జరిగేది. అది మందుల పాఠం కాదు. మాట్లాడే పాఠం. ఒక డాక్టరు ఖాళీ మంచం మీద రోగి మాదిరి పడుకోవాలి. ఇంకొకడు వచ్చి అతనికి చెడ్డ కబురు చెప్పాలి. నీ కాలు తీసేయాలనో, నీ బిడ్డ బతకదనో. చెప్పింది బాగుందా లేదా అన్నది పెద్ద డాక్టరు మమ్మల్ని అడిగేవాడు. నా పక్క మంచంలో వెలుగోడు తాత ఒకాయన ఉండేవాడు, బీడీలు తాగి తాగి ఊపిరితిత్తులు పాడు చేసుకున్న రైతు. ఒకసారి ఒక డాక్టరు నవ్వుముఖంతో, తియ్యగా, నెమ్మదిగా ఆ కబురు చెప్పాడు. తాత దగ్గు ఆపుకొని అన్నాడు, "ఏందప్పా ఈ పిల్లోడు, సావు కబురు చెప్పమంటే పెండ్లి పిలుపు మాదిరి చెప్తాండాడే." వార్డంతా నవ్వింది. చెప్పిన డాక్టరు కూడా నవ్వాడు. పెద్ద డాక్టరు మాత్రం నవ్వకుండా, "ఇంగోసారి చెప్పు" అన్నాడు.

ఆ పాఠంలో ఆయన తరచూ అనే మాట ఒకటుంది. "నిలబడి చెప్పింది మనిషి మీద పడతాది. కూచోని చెప్పింది చెవిలోకి పోతాది."

కోపం గురించి ఆయనకు ఒక పద్ధతి ఉండేది. డాక్టరు రోగి మీద గానీ, రోగి మనుషుల మీద గానీ అరిచాడంటే, మరునాడు పొద్దున తెల్ల కోటు లేకుండా, మెడలో గొట్టం లేకుండా, వచ్చి ఆ మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చోవాలి. రోగి ఏం చెప్పినా వినాలి. రోగి తన నోటితో పొమ్మనేదాకా లేవకూడదు. బయట ఎంత పనున్నా సరే.

ఈ పద్ధతి ఆయనకు కూడా వర్తించేది. ఎక్కువసార్లు ఆ పీట మీద శిక్షకు కూర్చున్నది ఆయనే. వెలుగోడు తాత దిండు కింద బీడీల కట్ట దొరికినప్పుడు ఆయన వేసిన కేకకు ఆయా చేతిలో గిన్నె కింద పడింది. మెడ మీద నరం తాడు మాదిరి లేచింది. మరునాడు ఉత్త చొక్కాతో వచ్చి, గడియారం జేబులో వేసుకొని తాత పక్కన కూర్చున్నాడు. తాత ఊరికే వదల్లేదు. తన బర్రె ఈనిన సంగతి, అన్నదమ్ముల గట్టు తగాదా, యాగంటి పోయినప్పుడు చెప్పులు పోగొట్టుకున్న సంగతి, అన్నీ మొదలుపెట్టాడు. ఎండ తలుపు దాటి మంచం కిందికి వచ్చింది. సిస్టరమ్మ రెండుసార్లు వచ్చి చూసి పోయింది. చివరికి తాత, "సర్లే సామీ, ఇంగ పో. రేపు మళ్లా అరిస్తే తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాడు. పెద్ద డాక్టరు లేచి, నడుం పట్టుకొని, "బీడీ మానకపోతే అరుస్తా" అని పోయాడు.

నాకు ఆ పద్ధతి భయంగా ఉండేది. నా మీద ఎవరైనా అరిస్తే నేనేం చెప్పాలి? పొమ్మని ఒక డాక్టరును ఎట్లా అనాలి?

ఆ ఏడు వచ్చినవాళ్లలో ఒక చిన్న డాక్టరు ఉండేవాడు, కోస్తా దిక్కు మనిషి. చెడ్డవాడు కాదు. అప్పుడు ఊళ్లో వాంతులు బేదులు తగులుకొని, వరండాలో కూడా రోగులే. ఆయనకు నిద్ర లేదు. నాకేమో కట్టు లోపల మడమ దగ్గర మంట మొదలైంది, నిప్పు కణిక అంటించినట్టు. నేను ఎవరినీ పిలిచేవాణ్ణి కాదు. గడ్డం నా మీదికి వచ్చినప్పుడు మాత్రం "మంట" అనేవాణ్ణి. పొద్దున అన్నాను, సాయంత్రం అన్నాను, మరునాడు మళ్లీ అన్నాను. ఈసారి గడ్డం ఆగింది.

"రోజూ ఇదే గోలా? కట్టన్నాక మంటగానే ఉంటుంది. ఇంకోసారి మంటన్నావంటే ఆ రెండో కాలికి కూడా వేసేస్తాను."

అమ్మ అప్పుడే సంగటి గిన్నెతో వచ్చింది. తలుపు దగ్గరే నిలబడిపోయింది. నేను ఆ మాట నిజమని నమ్మాను. రెండో కాలు ఒక్కటే నాకు మిగిలింది. దాని బొటనవేలు ఆడిస్తూ ఉండేవాణ్ణి, ఇంకా నాదేనా కాదా అని. ఆ కాలు కూడా పోతే ఇంక నేను పూర్తిగా గోడలో ఇటుకనే. ఆ రోజు నుంచి నేను మంట అనలేదు. అమ్మ అడిగినా అనలేదు.

పెద్ద డాక్టరు అప్పుడు వార్డులో లేడు. అదే వాంతులు బేదుల పని మీద వెలుగోడు వైపు పల్లెలకు పోయాడు. ఆయన లేనన్నాళ్లు పీట గోడవారనే ఉంది. ఆ నాళ్లలోనే నా మంట దానంతటదే పోయింది. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను. అమ్మ కూడా నేను ఏడవడం మానేశానని సంతోషపడింది.

ఆయన తిరిగి వచ్చిన రోజు వెలుగోడు తాత మంచం మీద లేచి కూర్చొని మరీ చెప్పాడు, "మీ సారు ఈ పిల్లోని మీద అరిచినాడు సామీ. పీట బాకీ పడినాడు."

మరునాడు పొద్దున పీట కిర్రుమంది. కానీ కొంచెమే. నా ముఖం పక్కకు వచ్చిన ముఖం చిన్న డాక్టరుది. ఆయన ముఖం పూర్తిగా చూడటం అదే మొదలు. ఎంత చిన్నవాడో అప్పుడు తెలిసింది, మా చిన్న మేనమామ ఈడు. కళ్ల కింద నల్లగా ఉంది. గడ్డం గీసుకుంటూ కోసుకున్నట్టున్నాడు, చుక్కంత గాటు ఉంది. చెప్పు బాబూ, అన్నాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

వరండాలో ఎవరో వాంతి చేసుకుంటున్నారు, ఎవరో డాక్టరు ఏడీ అని అడుగుతున్నారు. ఆయన మోకాలు ఆడిస్తున్నాడు. వెళ్లిపోవాలని ఆయనకు ఎంత ఉందో, ఆయన వెళ్లిపోవాలని నాకూ అంతే ఉంది. పో అన్న ఒక్క మాట చాలు. అది గొంతులోంచి లేవలేదు. అమ్మకు భయమేసింది. "చెప్పు నాయనా, పొమ్మను సారును, పాపం ఆయప్పకు యాడెంత పనుందో" అని నా తల నిమిరింది. ఆమె అట్లా అనేకొద్దీ నాకు నోరు ఇంకా బిగుసుకుంది. ఎక్కడికీ పోలేనివాళ్లం ఇద్దరం అయ్యాం. నాకు సిమెంటు కట్టు, ఆయనకు ముక్కాలి పీట.

పెద్ద డాక్టరు అటు వచ్చాడు. చిన్న డాక్టరు సగం లేచాడు, ఇంక చాలంటాడేమోనని. పెద్ద డాక్టరు మంచం ఇనుప కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు. పట్టుకున్న చేతి కణుపులు తెల్లబడ్డాయి. ఆయన అమ్మతో అన్నాడు, "వాన్ని తొందరపెట్టొద్దు తల్లీ. ఈ సారుకు ఈడ కూచునేదానికంటే పెద్ద పని యాడా లేదు." తర్వాత బయటికి పోయి చిన్న డాక్టరు చూడాల్సిన రోగులను తనే చూడటం మొదలుపెట్టాడు. ఆయన గొంతు మాకు వినపడుతూనే ఉంది.

చిన్న డాక్టరు మళ్లీ కూర్చున్నాడు. ఈసారి మోకాలు ఆడించలేదు. కాసేపటికి, మంట ఎలా ఉంది, అని అడిగాడు.

లేదన్నాను.

"తగ్గిందా? మంచిదే కదా. అయితే ఇంక పొమ్మను."

అప్పుడు పో అని ఉంటే అయిపోయేది. అనడానికే నోరు తెరిచాను. ఆయన చెవి నా నోటికి జానెడు దూరంలో ఉంది. నిలబడి ఉంటే ఆ మాట ఆయన దాకా పోయేది కాదు, నేను అనేవాణ్ణీ కాదు.

"మడమ కూడా లేదు సార్" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ఏమిటి లేదు, అన్నాడు.

"మంట పోయింది. మడమ కూడా పోయింది. ఆడ నాకేమీ లేదు."

ఆయన ముఖంలో రంగు మారడం నేను దగ్గర నుంచి చూశాను. లేచి నా కాళ్ల వైపు పోయి, వంగి, కట్టుకు ముక్కు ఆనించి వాసన చూశాడు. తలుపు వైపు రెండడుగులు పరుగెత్తాడు. ఆగాడు. వెనక్కి వచ్చి మళ్లీ పీట మీద కూర్చున్నాడు. నేనింకా పొమ్మనలేదు మరి. ఊపిరి ఆడనట్టుగా, "పెద్దాయన్ని పిలుచుకొస్తాను. పోనా?" అన్నాడు.

"పో సార్" అన్నాను. "బేగా రా."

రంపం తెచ్చి మడమ దగ్గర కట్టుకు కిటికీ మాదిరి కంత కోశారు. లోపల తోలు నల్లగా అయిపోయి ఉందంట. నాకు కనపడలేదు, అమ్మ చూసి గోడకు ఒరిగింది. అంతా కడిగి గుడ్డ కట్టాక పెద్ద డాక్టరు పీట లాక్కున్నాడు. గడియారం విప్పాడు. అమ్మ వైపు కాదు, నా వైపు తిరిగాడు. "నీతోనే చెప్తాండా. కాలు నీది. మంట పోయిందంటే మానిందని కాదు, ఆడ చచ్చిపోతాండాదని. ఇంగ కొన్నాళ్లు నువ్వు మాట్లాడకుంటే కాలు తీసేయాల్సి వస్తాండె. ఇప్పుడు తీయం." తర్వాత, నేను అడగకుండానే ఇంకొక మాట చెప్పాడు. వానలు పోయి చలి పడేదాకా ఈ కట్టులోనే ఉండాలి, అంతకు ముందు తీయడం తన చేతకాదు అని. అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం అది మంచి కబురే. అంతవరకు నా గోడకు అవతలి పక్క ఉందో లేదో తెలియదు. ఇప్పుడు చలికాలం అని ఒక తలుపు ఉంది.

ఆ సాయంత్రం వరండాలో ఆయన చిన్న డాక్టరు మీద అరిచిన అరుపు నేను బతికున్నంత కాలం మరచిపోను. అద్దాలు అదిరాయి. కాలు పోయింటే నీ కాలిస్తావా అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. వెలుగోడు తాత దుప్పటి ముసుగు పెట్టేశాడు. ఇప్పుడు చెప్పండి, ఆయన శాంతమూర్తి అని ఎవరన్నా అంటే నేనెట్లా ఊరుకునేది?

మరునాడు పొద్దున మా వార్డులో పీట కనపడలేదు. ఆయా వచ్చి గుసగుసగా చెప్పింది. డాక్టర్ల గదిలో చిన్న డాక్టరు కుర్చీ ముందు ఆ పీట వేసుకొని పెద్ద డాక్టరు కూర్చున్నాడంట, ఉత్త చొక్కాతో. చిన్న డాక్టరు ఏడ్చాడంట. ఎంతసేపటికీ పొమ్మనలేదంట.

"పెద్దాయన ఏమంటాండాడు?" అని తాత అడిగాడు.

"ఏమంటాడు, కూచున్నాడు" అంది ఆయా.

చలికాలంలో కట్టు తీశారు. తుంటి వంగదు. ఇప్పటికీ కుడికాలు చాపుకొనే కూర్చుంటాను, పరుపులు కుట్టడానికి అది అడ్డం కాదు. మడమలో గుంట ఉంది. ఏడాదికొకసారి చూపించుకోవడానికి పోయినప్పుడల్లా పెద్ద డాక్టరు పీట మీద కూర్చొని ఒకటే అడిగేవాడు, "ఏమప్పా, మడమ ఉందా?" ఉంది సార్, అనేవాణ్ణి. ఎక్స్‌రే ఆ తర్వాతే చూసేవాడు. చిన్న డాక్టరు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఆయనకు ఈ కబురు చెప్పాలి.

పోయిన నెల ఆయనకు పక్షవాతం వచ్చిందని ఇదే కండక్టరు చెబితే పోయాను. మా వార్డులోనే ఉంచారు, కిటికీకి తల పెట్టి. నేను పోయి మంచం పక్కన నిలబడ్డాను. ఆయన కళ్లు నా గడ్డం మీద ఆగాయి. అప్పుడు గుర్తొచ్చింది. గోడ దగ్గరికి పోయి పీట లాక్కొచ్చుకున్నాను. కాలు చాపి, ముఖం ఆయన ముఖం పక్కకు వచ్చేట్టు కూర్చున్నాను. విప్పడానికి నాకు గడియారం లేదు. ఆయన మణికట్టుకు కూడా లేదు, అది ఉన్న చోట తోలు తెల్లగా పట్టీ మాదిరి ఉంది.

ఆయనకు మాట పడిపోయిందని సిస్టరమ్మ ముందే చెప్పింది. అందుకని నేనే మాట్లాడాను. అంతసేపు నేను ఎవరితోనూ మాట్లాడలేదు, అంతకు ముందు గానీ తర్వాత గానీ. అంగడి సంగతి, నాయన దగ్గు సంగతి, వెలుగోడు తాత మనవడు పరుపు కుట్టించుకోవడానికి వచ్చి తాత పోయాడని చెప్పిన సంగతి. కదలని చెయ్యి పట్టుకొని, "చెయ్యి ఉందా సార్?" అని అడిగాను. పెదవి ఒక పక్క మాత్రం కదిలింది. నవ్వాడనే అనుకున్నాను.

చూడటానికి వచ్చినవాళ్లు పోవాలని గంట కొట్టారు. ఆళ్లగడ్డ బస్సు వేళ కూడా అయింది. పోయిరానా సార్, అని అడిగాను. ఆయన నా కళ్లలోకి చూస్తూనే ఉన్నాడు. పెదవి కదల్లేదు. ఇంకొకసారి అడిగాను. సిస్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, ఆయన చెప్పలేడు, నువ్వు పో నాయనా, అంది. లేచాను. తలుపు దగ్గర తిరిగి చూస్తే ఆయన కళ్లు ఇంకా ఆ పీట ఉన్న చోటే ఉన్నాయి.

ఆయనను మట్టి చేసిన రోజు వార్డులోకి పోయి చూశాను. మంచం మీద కొత్త పక్క వేశారు. పీట మాత్రం నేను వదిలిన చోటే ఉంది, ఎవరూ గోడవారకు జరపలేదు. రోగి నోటితో పొమ్మనేదాకా లేవకూడదన్నది ఆయన పెట్టిన పద్ధతి. ఆయన నన్ను పొమ్మనలేదు. అంగడిలో కాలు చాపుకొని సూది పట్టుకున్నా నేనింకా ఆ పీట మీదే ఉన్నట్టుంటుంది. ఇది చదువుతున్న మీరన్నా చెప్పండి, ఇంక నన్ను పొమ్మనేదెవరు?